సున్నపురాయిలో రంధ్రాలు: అవక్షేప శిలల వర్గీకరణ చెప్పేదెంత, దాచేదెంత

రెండు సున్నపురాయి ముక్కలను రసాయన పరీక్షకు పంపితే రెండింటి గురించీ ఒకే జవాబు రావచ్చు: నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా కాల్షియం కార్బొనేట్. అయినా వాటిలో ఒకటి నీటి చుక్కను కూడా లోపలికి రానివ్వని దట్టమైన రాయి కావచ్చు, రెండోదానిలో మూడో వంతు ఖాళీయే కావచ్చు. పైగా ఆ రెండు ముక్కలూ ఒకే సముద్రం అడుగున, ఒకే కాలంలో పేరుకున్న ఒకే పొరకు చెందినవి కావడానికీ అవకాశం ఉంది. ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే, అవక్షేప శిలలను ఏ ప్రాతిపదిక మీద విడగొడతారో ముందు చూడాలి. ఆ ప్రాతిపదిక సున్నపురాయి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చాలకుండా పోతుందో ఆ తర్వాత తేలికగానే అర్థమవుతుంది.

అవక్షేప శిలలకు ముడిసరుకు మూడు దారుల్లో వస్తుంది. పాత రాళ్లు ఎండకు, వానకు, మంచుకు చితికి, నీటితోనో గాలితోనో హిమానీనదాలతోనో కొట్టుకొచ్చి ఒకచోట పేరుకుని గట్టిపడితే శకల శిలలు ఏర్పడతాయి. అవే రాళ్ల నుంచి కరిగి నీటిలో కలిసిన లవణాలు సముద్రంలోనో సరస్సులోనో తిరిగి స్ఫటికాలుగా మారితే రసాయన శిలలు ఏర్పడతాయి. జీవులు ఆ లవణాలతో కట్టుకున్న పెంకులు గానీ, మొక్కలు మిగిల్చిన కర్బన పదార్థం గానీ పేరుకుంటే అవి జీవజన్య శిలలు. పాఠ్యపుస్తకంలో ఈ మూడు గదులూ స్పష్టంగానే కనిపిస్తాయి, కానీ ప్రకృతిలో వాటి మధ్య గోడలు అంత దిట్టంగా లేవు. సున్నపురాయి మూడు గదుల్లోనూ తిరుగుతుంది: పగడాలు కట్టిన దిబ్బ జీవజన్యం, వేడినీటి ఊట దగ్గర గట్టిపడిన పొర రసాయనం, అలల తాకిడికి విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన గవ్వల ముక్కల పోగు చూడబోతే శకల శిలలాగే ఉంటుంది.

శకల శిలల విషయంలో మొదటి ప్రశ్న రేణువు ఎంత పెద్దదన్నదే. అమెరికా భూవిజ్ఞాని చెస్టర్ వెంట్‌వర్త్ 1922లో ప్రతిపాదించిన కొలమానం ప్రకారం 2 మిల్లీమీటర్లు దాటినవి గులకరాళ్ల తరగతి. అక్కడి నుంచి మిల్లీమీటరులో 16వ వంతు దాకా ఇసుక. 256వ వంతు దాకా సిల్ట్ అనే మెత్తటి మన్ను. అంతకంటే సన్ననిది బంకమన్ను. గులకరాళ్లు అతుక్కుంటే వచ్చే రాయిలో రాళ్లు నునుపుదేరి గుండ్రంగా ఉంటే దాన్ని కాంగ్లోమరేట్ అనీ, కోసుగా ఉంటే బ్రెక్షియా అనీ పిలుస్తారు. ఇసుక నుంచి ఇసుకరాయి, సిల్ట్, బంకమన్నుల నుంచి పంకశిలలు వస్తాయి. పలుచని రేకులుగా విడిపోయే పంకశిలే షేల్. ఈ కొలత ఇంతకాలం నిలబడటానికి బలమైన కారణం ఉంది. ఉరవడిగా పారే నీరే పెద్ద రాళ్లను మోయగలదు, నిలకడైన నీటిలోనే బంకమన్ను అడుగుకు దిగుతుంది. కాబట్టి శకల శిలలో రేణువును కొలవడమంటే అది పేరుకున్న రోజుల్లో నీటికి ఉన్న సత్తువను కొలవడమే.

ఇసుకరాయిని ఇంకాస్త లోతుగా విడగొట్టేటప్పుడు రేణువులు ఏ ఖనిజంతో అయ్యాయన్నది చూస్తారు. దాదాపు పూర్తిగా క్వార్ట్జ్ అయితే అది చాలా దూరం ప్రయాణించి, బలహీన ఖనిజాలన్నీ అరిగిపోయిన ఇసుక. ఫెల్డ్‌స్పార్ నాలుగో వంతుకు మించి ఉంటే ఆర్కోస్. అంటే గ్రానైట్ లాంటి మాతృశిల దగ్గర్లోనే ఉందన్నమాట. రేణువుల నడుమ బురద 15 శాతం దాటితే అది వాకె జాతి ఇసుకరాయి. ఇక్కడ రంధ్రాల లెక్క కూడా కొంతవరకు ముందే ఊహించదగినదే. ఒకే పరిమాణం గల గోళాలను ఎంత వదులుగా పేర్చినా వాటి మధ్య ఖాళీ 47.6 శాతం దగ్గర, ఎంత బిగువుగా పేర్చినా సుమారు 26 శాతం దగ్గర ఆగుతుంది. గోళాలు పెద్దవైనా చిన్నవైనా ఈ అంకెలు మారవు. చిన్నాపెద్దా కలిసిపోయినప్పుడు మాత్రం చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరి ఖాళీని తినేస్తాయి. అందువల్ల ఇసుకరాయి పేరూ, దాని రేణువుల పొందికా తెలిస్తే అందులో నీరో చమురో ఎంత పట్టవచ్చో స్థూలంగా అంచనా వేయవచ్చు.

రసాయన శిలల్లో ప్రధానమైనవి నీరు ఆవిరైపోగా మిగిలే లవణ శిలలు. వీటి క్రమాన్ని ప్రయోగంతో చూపినవాడు ఇటలీకి చెందిన ఊసీల్యో. 1849లో ఆయన మధ్యధరా సముద్రపు నీటిని ఆవిరి చేస్తూ పోగా ముందు కాస్త కార్బొనేట్, నీరు సుమారు అయిదో వంతుకు తగ్గాక జిప్సం, పదో వంతుకు తగ్గాక ఉప్పు, చిట్టచివర పొటాషియం, మెగ్నీషియం లవణాలు విడిపోయాయి. ప్రాచీన లవణ పొరల్లోనూ ఇంచుమించు ఇదే వరస కనిపిస్తుంది. కర్బన శిలల్లో పీట్‌తో మొదలై లిగ్నైట్, బిట్యుమినస్ బొగ్గు, ఆంత్రసైట్ దాకా సాగే వరస ఉంది. అక్కడ వర్గీకరణకు ఆధారం రేణువు బదులు వేడికీ ఒత్తిడికీ ఎంత లోనైందన్నది.

సున్నపురాయి దగ్గర చిక్కు మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దీన్నీ రేణువుల పరిమాణాన్ని బట్టే విడగొట్టే ప్రయత్నం జరిగింది. కానీ బురదలో కూరుకుపోయిన అరచేతి మందపు గవ్వ ఆ చోట ప్రవాహం ఉద్ధృతంగా ఉండేదని చెప్పదు, ఆ జీవి అక్కడే బతికి అక్కడే చచ్చిందని మాత్రమే చెబుతుంది. సున్నపురాయి రేణువుల్లో చాలా భాగం ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవి కావు, పుట్టిన చోటికి చేరువలోనే పేరుకున్నవి. వాటి పరిమాణాన్ని నిర్ణయించేది నీటి వేగం కంటే జీవి శరీర నిర్మాణం. ఈ సంగతిని ఒప్పుకుని తయారైన రెండు వర్గీకరణలే నేటికీ వాడుకలో ఉన్నాయి. 1959లో రాబర్ట్ ఫోక్ రేణువు రకాన్నీ, రేణువుల నడుమ నిండిన పదార్థాన్నీ కలిపి పేర్లు కట్టాడు. గవ్వల ముక్కల మధ్య మెత్తటి సున్నపు బురద ఉంటే బయోమైక్రైట్, ఓయిడ్ల (పొరలు పొరలుగా సున్నం పట్టిన చిన్న గుండ్రని రేణువుల) మధ్య మెరిసే కాల్సైట్ స్ఫటికాలు ఉంటే ఓస్పరైట్. మూడేళ్ల తర్వాత రాబర్ట్ డన్‌హామ్ ఇంతకంటే సూటి ప్రశ్న వేశాడు: ఈ రాతిలో బరువు మోస్తున్నది రేణువులా, బురదా? బురదలో రేణువులు పదో వంతుకు లోపు ఉంటే మడ్‌స్టోన్, అంతకు మించి ఉన్నా ఒకదానికొకటి ఆనకుండా తేలుతున్నట్టు ఉంటే వాకెస్టోన్, ఒకదాని మీద ఒకటి ఆని ఉండి సందుల్లో బురద ఉంటే ప్యాక్‌స్టోన్, బురదే లేకపోతే గ్రెయిన్‌స్టోన్. జీవులు బతికి ఉండగానే ఒకదానికొకటి అల్లుకుని కట్టినది బౌండ్‌స్టోన్. భూతద్దం, కాస్త పలుచని ఆమ్లం ఉంటే చాలు, కొండ వాలు మీదనే ఈ పేరు పెట్టేయవచ్చు. చమురు అన్వేషకులు ఫోక్ కంటే డన్‌హామ్ వైపు మొగ్గడానికి ఈ సౌలభ్యమే ముఖ్య కారణం అనిపిస్తుంది.

ఈ రేణువుల పుట్టుకకు మూలం కార్బన్ డయాక్సైడ్. అది కలిసిన నీరు సున్నాన్ని కరిగిస్తుంది, అది నీటిని విడిచిపోతే సున్నం తిరిగి గట్టిపడుతుంది. వెచ్చటి నీటిలో ఈ వాయువు తక్కువగా కరుగుతుంది. వెలుతురు అందే నీటిలో శైవలాలు దాన్ని తమ ఆహారం కోసం లాగేసుకుంటాయి. అలలు కుదిపినప్పుడు కొంత గాలిలోకి పోతుంది. ఈ మూడూ కలిసొచ్చేది లోతు తక్కువైన ఉష్ణమండల సముద్రాల్లో కాబట్టి సున్నపు దిబ్బలు అక్కడే విరివిగా పెరుగుతాయి. బహమా దీవుల చుట్టూ ఉన్న తిన్నెలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ అలల కదలికకు దొర్లుతూ, ఒక చిన్న ముక్క చుట్టూ పొర మీద పొర సున్నం పట్టగా తయారయ్యే 2 మిల్లీమీటర్ల లోపు గుండ్రని రేణువులే ఓయిడ్లు. చేతిలోకి తీసుకుంటే చేప గుడ్ల ముద్దలా ఉంటాయి. ఇందుకు విరుద్ధంగా మహాసముద్రాల్లో నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటితే చల్లదనానికీ ఒత్తిడికీ సున్నపు పెంకులు కరిగిపోతాయి, అడుగుకు చేరేది దాదాపు ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక ఖనిజ విశేషాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగే కథంతా దాని మీదే నడుస్తుంది. కాల్షియం కార్బొనేట్‌కు ప్రధానంగా రెండు స్ఫటిక రూపాలు ఉన్నాయి: కాల్సైట్, అరగొనైట్. పగడాలు, చాలా రకాల నత్తలు, ఇప్పటి సముద్రాల్లోని ఓయిడ్లలో అధిక భాగం అరగొనైట్‌తో అయినవి. భూమి ఉపరితలం దగ్గర ఉండే వేడి, ఒత్తిడిలో అరగొనైట్ స్థిరమైనది కాదు; కాల్సైట్ కంటే తేలికగా కరుగుతుంది. ఈ రెండు ఖనిజాలతో అయిన పెంకులకు రాతిలో వేరువేరు గతులు పడతాయన్న విషయాన్ని హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1879లోనే లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్షోపన్యాసంలో వివరించాడు. రాతిని వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూసే పద్ధతికి ఆద్యుల్లో ఆయన ఒకడు.

అప్పుడే పేరుకున్న సున్నపు అవక్షేపంలో 40 నుంచి 70 శాతం దాకా ఖాళీ ఉంటుంది. ఇసుకలో ఉండేది 25 నుంచి 40 శాతమే. కోట్ల సంవత్సరాల తర్వాత చూస్తే లెక్క తలకిందులవుతుంది: మంచి ఇసుకరాయి 15 నుంచి 30 శాతం ఖాళీని నిలుపుకుంటుంది, సున్నపురాళ్లలో చమురో నీరో నిలవ చేయదగిన పొరల్లో సాధారణంగా కనిపించేది 5 నుంచి 15 శాతం, మిగతావాటిలో ఖాళీ దాదాపు సున్నా. కొంత ఖాళీని పైనున్న పొరల బరువు అణచివేస్తుంది. లోతుకు పోయిన కొద్దీ రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకునే చోట కరిగి, రాతిలో రంపపు పళ్లలాంటి గీతలు పడతాయి. వాటిని స్టైలోలైట్లు అంటారు. అక్కడ కరిగిన సున్నం పక్కనున్న రంధ్రాల్లో చేరి గట్టిపడుతుంది. క్వార్ట్జ్ ఇసుక ఇంత సులువుగా కరగదు, ఇంత తొందరగా అతుక్కోదు. కరిగే గుణం వల్లే సున్నపురాయి తన ఖాళీని పోగొట్టుకుంటుంది. మళ్లీ సంపాదించుకునేదీ ఆ గుణంతోనే.

అలా సంపాదించుకోవడానికి అత్యంత అనువైన సందర్భం సముద్రమట్టం తగ్గడం. సుమారు 20,000 ఏళ్ల క్రితం, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. అప్పుడు బహమా తిన్నెల వంటివన్నీ నీటి పైకి తేలి, వానకు తడిసే సున్నపు నేలలయ్యాయి. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత, మట్టిలో వేళ్లూ సూక్ష్మజీవులూ విడిచే వాయువును అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కలుపుకుని బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు అరగొనైట్ రేణువులను కరిగిస్తూ దిగుతుంది. కొంత దూరం పోయేసరికి దానిలోని సున్నం అరగొనైట్‌కు ఇంకా చాలనిదిగా, కాల్సైట్‌కు మాత్రం మించినదిగా ఉండే స్థితి వస్తుంది. అంటే ఒకే నీరు ఒకే సమయంలో ఒక ఖనిజాన్ని కరిగిస్తూ మరొక ఖనిజాన్ని పేరబెట్టగలదు.

ఓయిడ్లతో నిండిన గ్రెయిన్‌స్టోన్‌లో ఈ పని చివరిదాకా సాగితే ఫలితం వింతగా ఉంటుంది. కరిగిన ఓయిడ్లలోని సున్నం వాటి మధ్య సందుల్లో కాల్సైట్‌గా గట్టిపడుతుంది. ఓయిడ్లు ఉన్న చోట గుండ్రటి ఖాళీలు మిగులుతాయి. ఒకప్పటి రేణువులన్నీ రంధ్రాలయ్యాయి, ఒకప్పటి రంధ్రాలన్నీ రాయి అయ్యాయి. అరగొనైట్ సాంద్రత 2.93, కాల్సైట్ సాంద్రత 2.71 కాబట్టి, కరిగినదంతా అక్కడే పేరుకుంటే ఘనపదార్థం ఆక్రమించే చోటు సుమారు 8 శాతం పెరుగుతుంది. మొత్తం ఖాళీ కొద్దిగా తగ్గుతుందే తప్ప పెరగదు. అయినా ఇలాంటి రాళ్లలో 30 శాతం దాకా రంధ్రాలు కనిపించడం అరుదేమీ కాదు. డన్‌హామ్ పద్ధతి ప్రకారం దీని పేరు ఇప్పటికీ గ్రెయిన్‌స్టోనే. ఆ పేరు విన్నవారు రేణువుల నడుమ ఒకదానితో ఒకటి కలిసిన దారులను ఊహించుకుంటారు; రాతిలో ఉన్నవి మాత్రం ఒకదానికొకటి సంబంధం లేని గుండ్రటి గదులు. పేరు తప్పు కాదు, అది పేరుకున్న నాటి సంగతి మాత్రమే చెబుతోంది.

ఈ కారణంగానే రాతిలో ఎంత ఖాళీ ఉందన్న లెక్కనూ, ఆ ఖాళీ గుండా ద్రవం ఎంత సులువుగా పారుతుందన్న లెక్కనూ వేరుగా ఉంచాలి. మొదటిది సచ్ఛిద్రత, రెండోది పారగమ్యత. పారగమ్యతకు కొలమానం ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన ఇసుక గొట్టాల ప్రయోగాల నుంచి వచ్చింది. రెండింటికీ పొంతన లేకపోవడానికి సుద్దరాయి మరో ఉదాహరణ. కొకోలిథ్‌లనే కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సున్నపు బిళ్లలు కోటానుకోట్లుగా పేరుకుని తయారైన ఈ రాయిలో ఖాళీ 40 శాతం దాటవచ్చు, కానీ ఆ రంధ్రాల మధ్య దారులు మైక్రాన్‌కు లోపే ఉండటంతో పగుళ్లు లేకపోతే ద్రవం కదలడమే కష్టం. నార్వే సముద్ర జలాల్లో 1969లో బయటపడిన ఎకోఫిస్క్ చమురు క్షేత్రం ఇలాంటి సుద్దరాయిలోనిదే. లోతుకు దిగినా రంధ్రాల్లోని ద్రవం ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల అక్కడి రాయి అణగకుండా నిలిచింది. చమురు తోడిన కొద్దీ ఆ ఒత్తిడి తగ్గి రాయి కుంగింది, దానితో సముద్రపు అడుగూ కుంగింది. 1984లో ఈ సంగతి గమనించారు. 1987లో ఉక్కు వేదికలను 6 మీటర్లు పైకి ఎత్తవలసి వచ్చింది. రంధ్రాలు అంకెల్లో మాత్రమే ఉండవని, బరువు మోయడంలోనూ వాటికి పాత్ర ఉందని ఇంత ఖరీదుగా తేలిన సందర్భాలు తక్కువ.

రాతికి పెట్టే పేరు రంధ్రాల గురించి చెప్పనప్పుడు రంధ్రాలకే వేరే వర్గీకరణ కావాలి. 1970లో ఫిలిప్ షొకెట్, లాయిడ్ ప్రే ఆ పని చేశారు. రంధ్రం రాతి అల్లికను అనుసరిస్తోందా, లేక దాన్ని పట్టించుకోకుండా అడ్డంగా తొలుచుకుపోయిందా అన్నది వారి మొదటి ప్రశ్న. రేణువుల నడుమ సందులు, గవ్వ లోపలి గదులు, స్ఫటికాల మధ్య ఖాళీలు, కరిగిన రేణువు మిగిల్చిన అచ్చు రంధ్రాలు మొదటి కోవలోకి వస్తాయి. పగుళ్లు, కాలువలు, రేణువునూ, రేణువులను అతికించిన సున్నాన్నీ కలిపి కరిగించిన గుంతలు, గుహలు రెండో కోవలోకి వస్తాయి. జీవులు తొలిచిన బొరియలు సందర్భాన్ని బట్టి ఎటైనా పడవచ్చు. దక్షిణ ఫ్లోరిడాలోని బిస్కేన్ జలధార శిలల్లో (భూగర్భ జలాన్ని నిలవ చేసి పారనిచ్చే పొరల్లో) నీరు అంత ధారాళంగా పారడానికి ప్రధాన కారణం, రొయ్య జాతి జీవులు సముద్రపు అడుగున తవ్వుకున్న బొరియల వల్ల ఏర్పడిన ఖాళీలు ఇప్పటికీ ఒకదానితో ఒకటి కలిసి ఉండటమే.

డోలమైట్ సంగతి వేరు. సున్నపురాయిలోని కాల్షియంలో సగం స్థానంలో మెగ్నీషియం చేరితే డోలమైట్ అవుతుంది. ఒక అణువుకు ఒక అణువు లెక్కన మార్పిడి జరిగితే ఘనపరిమాణం సుమారు 13 శాతం తగ్గుతుంది. రంధ్రాలన్నీ ఈ తగ్గుదల వల్లే వచ్చాయన్న వివరణ పందొమ్మిదో శతాబ్దం నుంచీ పుస్తకాల్లో నడుస్తోంది. లెక్క సరైనదే, కానీ బయటి నుంచి వచ్చే నీరు మెగ్నీషియంతో పాటు కార్బొనేట్‌నూ మోసుకొస్తే ఏర్పడిన ఖాళీ అంతా పూడిపోతుంది. చాలా డోలమైట్ శిలలు దట్టంగానే ఉన్నాయన్న విషయాన్ని ఆ పాత వివరణ దాటవేస్తుంది. డోలమైట్ వల్ల కలిగే లాభం మరోచోట ఉంది: దాని స్ఫటికాలు గట్టివి, ఒత్తిడికి కాల్సైట్ అంత తేలికగా కరగవు, అందువల్ల లోతుల్లో వాటి మధ్య ఖాళీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

పెద్ద రంధ్రాలకు, అంటే గుహల స్థాయి ఖాళీలకు, వాన నీరొక్కటే కారణం కాదు. సున్నంతో పూర్తిగా సంతృప్తమై ఇక కరిగించే శక్తి లేని రెండు నీళ్లు, వాటిలోని కార్బన్ డయాక్సైడ్ మోతాదు వేరైతే, కలిసిన క్షణంలో మళ్లీ కరిగించే శక్తి పొందుతాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బోగ్లీ 1964లో వివరించిన ఈ ప్రక్రియకు దగ్గరి బంధువు, తీరప్రాంతాల్లో మంచినీరూ ఉప్పునీరూ కలిసే చోట జరిగే కరుగుదల. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం కింది జలగుహల్లో దీని ఆనవాళ్లు విస్తారంగా ఉన్నాయి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో కార్ల్స్‌బాడ్, లెచుగియా గుహలను తొలిచింది పైనుంచి దిగిన ఆమ్లం కానే కాదు. లోతైన చమురు పొరల నుంచి పైకి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణవాయువుతో కలిసి గంధకామ్లంగా మారి ఆ పెర్మియన్ యుగపు దిబ్బ శిలలను కరిగించింది. గుహల్లో మిగిలిన జిప్సం దిమ్మలు అందుకు సాక్ష్యం.

పుట్టుకతోనే రంధ్రాలు గల సున్నపురాళ్లూ లేకపోలేదు. ఊట నీరు బయటికి రాగానే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది, సున్నం నాచు మీద, ఆకుల మీద, కొమ్మల మీద పూతలా పడుతుంది. మొక్క కుళ్లిపోయాక దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. చల్లటి నీటి దగ్గర ఏర్పడే ఇలాంటి గుల్లబారిన రాయి టూఫా, వేడినీటి ఊటల దగ్గర ఏర్పడే కాస్త గట్టి రాయి ట్రావర్టైన్. రోమ్‌లోని కొలోసియం ప్రధానంగా టివోలీ దగ్గర తవ్విన ట్రావర్టైన్‌తో కట్టిందే. గవ్వల ముక్కలు వదులుగా అతుక్కున్న కొకీనా ఇంకో రకం. ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో స్పెయిన్ వారు 1672లో ఈ రాతితోనే కోట కట్టడం మొదలుపెట్టారు. 1702 నాటి ముట్టడిలో ఫిరంగి గుండ్లు గోడను బద్దలు కొట్టలేక అందులోకి దిగబడిపోయాయి. గుల్లతనం బలహీనత అనుకునేవారికి ఇది ఇబ్బంది పెట్టే ఉదాహరణ.

ఇన్ని దారుల్లో ఏర్పడిన రంధ్రాలను వేరుచేసి చూడటానికి ప్రయోగశాలలో రాతి ముక్కలోకి నీలి రంగు కలిపిన రెసిన్‌ను ఎక్కించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. సూక్ష్మదర్శిని కింద ఖాళీ ఉన్న చోటల్లా నీలంగా కనిపిస్తుంది. అలిజరిన్ రెడ్ అనే రంగు పూస్తే కాల్సైట్ ఎర్రబారుతుంది, డోలమైట్ తన రంగులోనే ఉండిపోతుంది. ఇలా చూసినప్పుడు తెలిసిన దాన్ని నమోదు చేసేటప్పుడు ఇప్పుడు ఒక్క పేరుతో సరిపెట్టరు. ‘ఓయిడ్ గ్రెయిన్‌స్టోన్, అచ్చు రంధ్రాలు, మధ్య సందులు కాల్సైట్‌తో పూడినవి’ అన్నట్టుగా, పేరుకున్న నాటి అల్లికనూ ఆ తర్వాతి మార్పులనూ ఒకే వరుసలో రాసి, సచ్ఛిద్రత, పారగమ్యతల కొలతలను పక్కన వేరువేరుగా ఇస్తారు.